సమానత్వం, గట్టి అట్టతో

విద్యార్థి చదువు మధ్యలో ఎందుకు మానేస్తాడో వివరించే విన్సెంట్ టింటో పుస్తకం ‘లీవింగ్ కాలేజ్’ 1987లో వచ్చింది. పాఠాలతోనూ తోటివారితోనూ కలిసిపోయినవాడే నిలబడతాడని దాని సారం. ఆ తర్వాత ఈ అంశం ఓ పుస్తకాల పరిశ్రమే అయింది. లైబ్రరీల కోసం వేసే గట్టి అట్ట ప్రతి ధర తరచూ వంద డాలర్లు దాటుతుంది. ఫీజు కట్టలేక మానేసినవాడి గురించిన అధ్యాయం అందులోనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య పాలన గ్రంథాలదీ అదే వరస. టీకాలు పేద దేశాలకూ సమానంగా అందాలని వాదించే పుస్తకం తరచూ ఆ దేశాల లైబ్రరీలకే అందదు. ఆ గ్రంథాల తాజా అంశమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి ఒప్పందం మూడేళ్లకు పైగా చర్చల తర్వాత 2025 మేలో ఆమోదం పొందింది. వైరస్ నమూనాలిచ్చిన దేశానికి టీకాల్లో వాటా ఎంతన్న అసలు పేచీని మాత్రం అనుబంధానికి నెట్టారు. అది తేలేదాకా ఆగే ఓపిక ఈ గ్రంథాల సంపాదకులకు ఉండదు. వ్యాసాలు పంపమన్న పిలుపు ముందే వెళ్తుంది.