ఐదు వోల్టుల ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

మూలం

ఐదు వోల్టు పిన్ను హారాన వెలుగంగ
పంపు కన్న పైన వాయువుండ
పేస్టు పెసర గింజ పెట్టిన గదియంత
మేను చల్లనగును మేటి పీసి.

అవతారిక

ఇది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బాయ్స్ హాస్టల్ గోడ మీది పద్యం. అటు మెస్ మెనూ, ఇటు గ్రూప్-2 సిలబస్, నడుమ ఇది. కర్త ఎవరో తెలియదు. ‘పైన వాయువుండ’ అన్నవాడు కనీసం ఒక క్యాబినెట్ విప్పి చూసినవాడే అయి ఉండాలి. కోచింగ్ సెంటర్ నోట్సుతో ఆ మాట రాదు.

కాళిదాసుకు టీక రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి కలం పట్టాడు. మొదటి నియమం ఎలాగో పాటించవచ్చు. ఆర్జీబీ లైట్ల మీద రాస్తూ రెండోది పాటించడం మానవమాత్రుడి వల్ల కాదు.

దేశకాలాల సంగతి. కవి నివాసం దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల నడుమ ఎక్కడో. పార్టులు మాత్రం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే సీటీసీలో కొన్నవి. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చింది. 2020 ఫిబ్రవరి 7న ఎంజీబీఎస్ నుంచి జేబీఎస్ పరేడ్ గ్రౌండ్‌కు ఇంకో లైను కలిసింది. అప్పటి నుంచి ఎంజీబీఎస్‌లో రైలు మారితే చాలు. పోయేటప్పుడు ఖాళీ చేతులు, వచ్చేటప్పుడు గాజు క్యాబినెట్ అట్టపెట్టె. దాన్ని మెట్ల మీదుగా మోసుకొచ్చినవాడికే ‘మేటి’ అనే విశేషణం వాడే హక్కుంది.

ప్రతిపదార్థం

ఐదు వోల్టు పిన్ను హారాన = 5 వోల్టుల కనెక్టర్ల వరుసయందు; వెలుగంగ = (లైట్లు) వెలుగుచుండగా; పంపు కన్న పైన = నీటిని తిప్పు మోటారు కంటె ఎత్తున; వాయువు ఉండ = లోపల మిగిలిన గాలి నిలువగా; పేస్టు = థర్మల్ పేస్టును; పెసర గింజ = పెసరగింజంత; పెట్టినన్ = పెట్టినచో; మేటి పీసి = శ్రేష్ఠమైన పీసీయొక్క; మేను = ఒళ్ళు, ఇచట ప్రాసెసరు; గదియంత = గది ఎంతయో అంతయే; చల్లన అగును.

‘లైట్లు’ అధ్యాహారం. బిల్లులో మాత్రం అధ్యాహారం కావు, 18 శాతం జీఎస్టీతో విడిగా దర్శనమిస్తాయి.

తాత్పర్యం

సరైన పిన్నుకు లైట్లు తగిలించి, రేడియేటర్‌ను సరైన ఎత్తున బిగించి, పేస్టు మితంగా పెట్టినవాడి పీసీ గది చల్లగా ఉన్నంత మేరకు చల్లగా ఉంటుంది. అంతకు మించి ఉండదు.

విశేషాలు

‘ఐదు’ అని కవి అంకె చెప్పి మరీ మొదలుపెట్టడం ఊరికే కాదు. మదర్‌బోర్డు మీద రెండు జాతుల హెడర్లుంటాయి. నాలుగు పిన్నులది 12 వోల్టులు, పాత ఆర్జీబీ. అందులో స్ట్రిప్పంతా ఒకే రంగు వేసుకోవాలి. మూడు పిన్నులది 5 వోల్టులు, ఏఆర్జీబీ. ఇందులో ఏ దీపం రంగు దానిదే. చూడ్డానికి ఇదీ నాలుగు పిన్నుల చోటే, ఒక పిన్ను లేదంతే. ఆ ఖాళీయే గుర్తు. ఐదు వోల్టుల స్ట్రిప్పును తెచ్చి పన్నెండులో ఎలాగో తోస్తే దీపాలు ఒక్క క్షణం దివ్యంగా వెలిగి పరమపదిస్తాయి. వారంటీ కూడా సహగమనం చేస్తుంది.

ఇక ‘హారం’. ఇది వర్ణన కాదు, వైరింగ్. ఏఆర్జీబీలో డేటా తీగ ఒక్కటే. మొదటి దీపం తన వాటా 24 బిట్లు ఉంచుకుని మిగతాది పక్క దీపానికి పంపిస్తుంది, అది దాని పక్కదానికి. నడుమ ఒకటి చచ్చిపోతే ఆపైన ఉన్నవాటికి కబురందదు. పైగా చాలా బోర్డుల్లో ఆ హెడర్ 3 ఆంపియర్ల దాకానే ఇస్తుంది. నిండు తెలుపులో ఒక్కో దీపం 60 మిల్లీఆంపియర్లు లాగే రకాలున్నాయి. అలాంటివి 50 తగిలిస్తే కోటా సరి. తెలుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒకేసారి వెలగడం కాబట్టి ఖర్చు దానికే ఎక్కువ.

ఇక్కడ సీటీసీలో రోజూ వినిపించే సంవాదం ఒకటి ఉదాహరించాలి.

“అన్నా, ఫ్యాన్లు, ర్యామ్, పంపు అన్నీ ఒక్కటే రంగుల సింక్ అయితయా?”

“అయితయి తమ్మీ, హబ్ తీస్కో.”

హబ్ అంటే పవర్ సప్లై నుంచి నేరుగా కరెంటు తీసుకుని అన్ని దీపాలకూ పంచే డబ్బా. ఆంపియర్ల చిక్కు దాంతో తీరుతుంది. సింక్ చిక్కు తీరదు, ఎందుకంటే అది మతాల గొడవ. ఆసుస్‌ది ఆరా, ఎంఎస్ఐది మిస్టిక్ లైట్, గిగాబైట్‌ది ఫ్యూజన్. మూడూ ఒకే విండోస్‌లో చేరితే మతత్రయ వాదం మొదలై ఫ్యాన్లు నీలం, ర్యామ్ ఇంద్రధనుస్సు. ఒకే మతంలో కొనడం సుఖం. కొనేశాక అయితే ఓపెన్ఆర్జీబీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, చాలా పార్టుల్ని అది ఒక దారికి తెస్తుంది. పక్క మంచం మీద ఒకడు పొద్దున్నే పరీక్షకు పోవలసిన గదిలో రాత్రి పదకొండు తర్వాత ఏ మతమైనా ఆఫ్ చేయాలన్నది నా అభిప్రాయం.

రెండో పాదం. పూర్వపక్షి అడుగుతాడు: “పంపు, గొట్టాలు, రేడియేటర్ కలిపి సీల్ వేసిన నీటి కూలర్‌లో, అంటే ఏఐఓలో, గాలెక్కడిది?” ఉంటుంది. నింపేటప్పుడే కొంత మిగులుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గొట్టాల గుండా కొంత నీరు ఆవిరై ఇంకాస్త చేరుతుంది. గాలి ఎప్పుడూ ఎత్తయిన చోటికే పోతుంది. ఆ ఎత్తయిన చోటు పంపు అయితే గుడగుడ శబ్దం, ఆనక పంపుకు అకాలమరణం. కాబట్టి రేడియేటర్‌ను పైకప్పుకు బిగించడం ఉత్తమం. ముందు వైపు బిగిస్తే దాని పై అంచు పంపు కంటే ఎత్తున ఉండాలి, గొట్టాలు కిందికి రావాలి. అడుగున బిగించడం నిషిద్ధం. పైన బిగించేవారు ఒక కూడిక చేసుకోవాలి: రేడియేటర్ మందం 27 మిల్లీమీటర్లు, ఫ్యాన్ 25, వెరసి 52. కిరీటం పెట్టుకున్న ఆర్జీబీ ర్యామ్ సరిగ్గా అక్కడే తల తగిలిస్తుంది.

నీళ్ళు కరెంటు దగ్గరా అని భయపడే పెద్దలకు: 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటరు బోర్డులతో సహా ఫ్లోరినెర్ట్ అనే ద్రవంలో మునిగే పని చేసింది. అది కరెంటు పారని ద్రవం. మన కుళాయి నీళ్ళు అలాంటివి కావు. విడిగా గొట్టాలు వంచి కస్టమ్ లూప్ కట్టేవారికి కృష్ణా నీళ్ళూ పనికిరావు, బోరు నీళ్ళు అసలే పనికిరావు. డిస్టిల్డ్ వాటర్, తుప్పునూ నాచునూ ఆపే మందు, అంతే. రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్ జోడిస్తే లోపల తినివేత ఖాయం.

మూడో పాదానికి ‘బఠాణి గింజ’ అని పాఠాంతరం ఉంది. గణం చెడుతుంది గాని ప్రాసెసర్ చెడదు. అయితే పేస్టుకు ముందు, ప్రాసెసర్‌కు ఆనే రాగి కోల్డ్ ప్లేట్‌కు అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర ఒలవాలన్న సంగతి కవి చెప్పలేదు. అది మాయ వంటిది. తీసేదాకా రాగికీ ప్రాసెసర్‌కూ ఐక్యం సిద్ధించదు.

నాలుగో పాదం మొదలయ్యేలోపే, మూడో పాదం చివర, పద్యం గుట్టు ఉంది: ‘గదియంత’. ఒకే పరిమాణం గాలి కంటే నీళ్ళు మూడు వేల రెట్లకు పైగా వేడిని మోస్తాయి. మోస్తాయి, అంతే. చంపవు. చిప్పు దగ్గర ఎత్తుకున్న వేడిని రేడియేటర్ దగ్గర దింపుతాయి, ఫ్యాన్లు దాన్ని గదిలోకి తోస్తాయి. కాబట్టి గది గాలి కంటే చల్లగా ఆ నీళ్ళు ఎన్నటికీ కాలేవు. మే నెలలో ఎల్బీనగర్‌లో టెర్రస్ మీది సింగిల్ రూము. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంటుంది. లోపల 38 డిగ్రీలుంటే నీళ్ళు 38 దగ్గర మొదలై పైకి పోవలసిందే. గేమ్ నడుస్తున్నంతసేపూ పీసీ లాగే 500 వాట్లూ వేడిగా ఆ గదిలోకే. ఒక టన్ను ఏసీ తోడేది సుమారు 3,500 వాట్లు. అందులో ఏడో వంతు ఈ మేటి పీసీకే సరి. ఏసీ లేనివాడి సంగతి కవి తలచుకోలేదు.

కనుక 65 వాట్ల ప్రాసెసర్‌కు 360 మిల్లీమీటర్ల ఏఐఓ పెట్టడం శీతలోపచారం కాదు, అలంకారం. తప్పేం లేదు, అలంకారశాస్త్రం కూడా శాస్త్రమే. అలాంటి చిప్పుకు మామూలు టవర్ ఎయిర్ కూలర్ చాలు. మిగిలిన డబ్బుతో కిటికీకి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించుకుంటే ‘గదియంత’ అన్న మాటే రెండు మూడు డిగ్రీలు దిగవచ్చు. ఆ ఫ్యాన్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. రంగులు మాత్రం రావు.