ఖాళీ లేదండి!

గోదారికి ఎర్రనీరు తగిలిందంటే రాజమహేంద్రవరంలో రెండు దొరకవు. ఒకటి పులస, రెండోది ఆదివారం మధ్యాహ్నం పేరున్న హోటల్లో కుర్చీ. పులస కోసం పుస్తెలమ్మినా తప్పులేదని మనవాళ్లు ఎప్పుడో తీర్మానించేశారు. కుర్చీ కోసం ఏం అమ్మాలో చెప్పి పోలేదు.

టేబులు ముందే రాయించుకోవడం మనకు నిన్నమొన్న వచ్చిన సరదా. అసలు పద్ధతి వేరు. తినేవాడి వెనకాల నిలబడి, వాడి కుర్చీ పట్టుకుని, విస్తరి చదవాలి. పప్పులో ఉన్నాడా, పులుసులోకి దిగాడా, పెరుగు కలిపాడా? పెరుగన్నం దాకా వచ్చినవాడు మనసు మార్చుకుని ‘ఇంకాస్త సాంబారు’ అన్నాడో, వెనకున్న కుటుంబమంతా కళ్లతోనే వాడికి తద్దినం పెట్టేస్తుంది. ఇప్పుడా వినోదమూ లేదు. గుమ్మంలో టై కట్టుకున్న కుర్రాడు ట్యాబులో పేరు కొట్టుకుని, ‘ఆయ్, ఓ గంట పడుద్దండి’ అంటాడు. మర్యాదకేం లోటు లేదు, లోటల్లా కుర్చీలకే.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టారు. ఆవిడ పోయింది 1909లో. ఇవాళ ఆవిడ పేరు బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఉంది. ఆవిడది మా గోదారి సీమే అని చెప్పుకోవడానికి మనమున్నాం, హోటలు బయట, ఎండలో.

సరే, ఇంకో హోటలు చూద్దామంటారా? ఇక్కడే కుటుంబం శాసనసభ అయిపోతుంది. దానవాయిపేట వెళ్దామంటే కారు పెట్టడానికి చోటుండదని బావగారి అభ్యంతరం. దేవీచౌకులో టిఫినుతో సరిపెడదామంటే ‘ఆదివారం పూట అల్లుడికి పెసరట్టా!’ అని అత్తగారు వాకౌట్ చేస్తారు. మోరంపూడి దాటి హైవే ఎక్కుదామంటే, ఫోనులో చుక్కలు లెక్కపెట్టి కాలేజీ కుర్రాడు వీటో చేస్తాడు. హైదరాబాదు అల్లుడు మాత్రం ‘గోదావరి రుచులు’ అని బోర్డున్న చోటికే పోదామంటాడు. ఆ బోర్డు అక్కడ వాళ్ల వీధి చివరా ఉంది. పిల్లలది ఏకగ్రీవం: మెయిన్‌రోడ్డులో రోజ్‌మిల్కు. నిలబడి తాగేది కాబట్టి దానికి కుర్చీ గొడవే లేదు. ఆ సభలో బుద్ధి ఉన్నది వాళ్లకే.

మనం గుమ్మంలో ఇంత తర్జనభర్జన పడుతుంటే, వంటింట్లో ప్రత్యామ్నాయం చడీచప్పుడు లేకుండా కుదిరిపోతుంది. సముద్రంలో ఉన్నంతకాలం విలస, గోదారిలోకి ఎదురీదితే పులస. పాపం దానికీ ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ‘ఖాళీ లేదండి’ అన్నట్టే. అంత దూరం వచ్చే చేపలు ఎన్నని? అందుకే ఒడిశా నుంచి ఐసుపెట్టెలో దిగిన చేప బెండకాయలతో, ఆవకాయ నూనెతో మట్టిదాకలో పడుకుని పులస ధర పలుకుతుంది. తిన్న పెద్దమనిషి మూతి తుడుచుకుంటూ ‘గోదారి నీటి మహిమండీ’ అంటాడు. చేపకు మారుచేప దొరికిన ఊళ్లో హోటలుకు మారుహోటలు దొరకకపోవడమేమిటో!

2027లో పుష్కరాలు. ఆదివారం జనానికే చేతులెత్తేస్తున్న హోటళ్లు అప్పుడేం చేస్తాయో గోదారమ్మకే ఎరుక. యజమానులకు ఒక్క మనవి. కుర్చీలు పెంచమని అడగడంలేదు. గుమ్మం బయట నాలుగు బల్లలు, ఒక ఫ్యాను, కుండతో మంచినీళ్లు పెట్టించండి. మీ ట్యాబులో పేరున్నవాళ్లలో డెబ్బై ఏళ్లవాళ్లు కూడా ఉంటారు.