చిటికెన వేలి బాక్సర్

పిడికిలి బిగిస్తే నాలుగు మెటికలు పైకి తేలాలి. నా కుడిచేతికి మూడే తేలతాయి. చిటికెన వేలి దగ్గరుండాల్సిన నాలుగోది లోపలికి కుంగిపోయింది. ఎవరైనా చూసి అడిగితే ‘బాక్సర్ ఫ్రాక్చర్’ అంటాను. అబద్ధం కాదు, ఎక్స్‌రే చూసి డాక్టరు గారన్న మాటే. కాకపోతే ఆయన వాక్యంలో అది మొదటి సగం. రెండో సగం నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నేను నర్సీపట్నంలో బెల్లం కొట్టు గుమస్తాని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాటా ముందు కూర్చునే ఉద్యోగం. ఎవరూ లేనప్పుడు నేనూ కాటా ఎక్కేవాణ్ణి. 94 కిలోలు. ఆ అంకె చూసి సిగ్గుపడాల్సిన మనిషిని, లోలోపల మురిసిపోయేవాణ్ణి. కారణం సినిమా. 2003లో మా ఊరి పూరీ జగన్నాథ్ తీసిన ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ వచ్చినప్పుడు నాకు ఇరవై ఒకటి. అందులో ఉన్నది కిక్ బాక్సింగ్. నా బుర్రకి కిక్ పట్టలేదు, బాక్సింగ్ ఒక్కటే పట్టింది. 2022లో అదే పూరీ ‘లైగర్’లోకి ఏకంగా మైక్ టైసన్‌నే పట్టుకొచ్చేసరికి, అబీద్ సెంటర్ టీ కొట్టు దగ్గర బాక్సింగ్ నిపుణుణ్ణి నేనే అయ్యాను.

అదే ఏడాది మే నెలలో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. 52 కిలోల తరగతి. అందరూ సంతోషిస్తుంటే నేను లెక్కలు మొదలుపెట్టాను. బలమంటే ద్రవ్యరాశి ఇంటూ త్వరణం, బళ్లో చదివిన పాఠం. ఆవిడ 52, నేను 94. కాబట్టి నా గుద్దు ఆవిడ గుద్దుకి దాదాపు రెట్టింపు. టీ గ్లాసు పట్టుకుని నేను నిజంగానే ఈ మాటలన్నాను. టీ కొట్టాయన పాలు తిరగబోస్తూ, “అలాగైతే లారీ ఇంకా పెద్దది కదండీ. నిలబెట్టిన లారీ ఎవర్ని గుద్దుద్దండీ?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. ఆ ఒక్క ముక్క అప్పుడే తలకెక్కి ఉంటే నా నాలుగో మెటిక ఈరోజు దాని చోట అది ఉండేది.

2023లో సంక్రాంతి వెళ్లాక ఊళ్లోకి ఎగ్జిబిషన్ వచ్చింది. జెయింట్ వీల్, మిరపకాయ బజ్జీలు, వాటి మధ్య ఒక గుద్దే మెషీన్. ఇరవై రూపాయలిస్తే ఎర్ర బంతి కిందికి వేలాడుతుంది, కొడితే పైన అంకె వెలుగుతుంది. మా ఆవిడ, పిల్లలు, బామ్మర్ది అందరూ నా వెనకే ఉన్నారు. మొదటి దెబ్బకి 604 పడింది. బామ్మర్ది, “పర్లేదు బావా” అన్నాడు. ఆ ‘పర్లేదు’ గుండెలో గుచ్చుకుంది.

అంతలో మా కొట్టు కలాసీ పెళ్లాం బిడ్డలతో అటు వచ్చాడు. మనిషి యాభై కిలోలుంటాడేమో, ఎండిన చెరుకు గెడలా ఉంటాడు. వద్దంటున్నా లాక్కొచ్చి, ఇరవై రూపాయలు నేనే ఇచ్చాను. అతని అంకె తక్కువ వస్తే నా 604కి విలువ పెరుగుతుందని నా ఎత్తు. అతను చెప్పులు విప్పాడు. కుడికాలు కాస్త వెనక్కి వేసి, మోకాళ్లు వంచి, నడుం తిప్పి కొట్టాడు. 781.

అక్కడితో ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఈ కథ లేదు. ఇంకో ఇరవై ఇచ్చాను. నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి పరుగెత్తుకొచ్చి, చెయ్యి గాల్లో గుండ్రంగా విసిరాను. సగం పిడికిలి బంతికి, సగం దాని పక్కనున్న ఇనప అంచుకి తగిలింది. మెషీన్ లోపల ఏదో విరిగినట్టు టక్కుమంది. విరిగింది మెషీన్ లోపల కాదు. అంకె 311.

నొప్పి తెలియనివ్వకుండా అందరికీ బజ్జీలు కొన్నాను. “ఏమండీ, ఎడంచేత్తో తింటున్నారేంటి?” అని మా ఆవిడే కనిపెట్టింది. పొద్దుటికి చెయ్యి బూరెలా పొంగింది. డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతుర్లో పెట్టి చెప్పిన వాక్యం పూర్తిగా ఇదీ: “దీన్ని బాక్సర్ ఫ్రాక్చర్ అంటారండీ, కానీ అసలు బాక్సర్లకి ఇది తక్కువే, గుద్దడం రానివాళ్లు గోడల్నీ తలుపుల్నీ గుద్ది తెచ్చుకుంటారు.” బాక్సర్లు చేతికి పట్టీలు చుట్టుకుని, చూపుడు వేలు, మధ్య వేలు మెటికలతో నేరుగా కొడతారట. రానివాడు చెయ్యి తిప్పి కొట్టి, చిటికెన వేలి వెనకున్న సన్నటి ఎముక మీదకి భారమంతా తెచ్చుకుంటాడట. నేను ఆ గదిలోంచి వాక్యంలో మొదటి సగం మాత్రమే బయటికి తెచ్చుకున్నాను. చేతికి కట్టున్న నాలుగు వారాలూ ఊరంతా అదే పంచిపెట్టాను.

ఆ నాలుగు వారాలు ఎడంచేత్తో ఫోన్ నొక్కుతూ చదవడం తప్ప నాకు పనిలేదు. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో 51 నుంచి 109 కిలోల దాకా ఉన్న ఏడుగురు ఒలింపిక్ బాక్సర్ల గుద్దులు కొలిచారు. పై తరగతుల వాళ్ల గుద్దు బరువైనదే. అక్కడి దాకా నా లెక్క తప్పు కాదు, బరువు తరగతులు పెట్టింది అందుకే. అయితే గుద్దు వెనక నిజంగా పనిచేసిన ద్రవ్యరాశి సగటున ఎంతో తెలుసా? 2.9 కిలోలు. మా కొట్లో సరుక్కి తరుగు తీస్తాం. ఒలింపిక్ బాక్సర్ల ఒంట్లోంచే గుద్దుకి చేరేది మూడు కిలోలైతే, నా 94లో తరుగెంతో కాటా వేయక్కర్లేదు.

ఇంగ్లండ్‌లో 2000లో వచ్చిన మరో లెక్కలో, మేటి బాక్సర్ల వెనకచేతి గుద్దు సగటున 4800 న్యూటన్లు, కొత్తవాళ్లది 2381. దాదాపు సగం. అంతకుముందెప్పుడో 1985లో రష్యన్లు గుద్దులో ఏ భాగం వాటా ఎంతో తేల్చారు. మేటి వాళ్లలో కాళ్లది 38 శాతం. కొత్తవాళ్లలో 16. కొత్తవాడు చేత్తో కొడతాడు, వచ్చినవాడు నేలని తన్ని కొడతాడు. వందేళ్ల కిందట వేల్స్ దేశపు జిమ్మీ వైల్డ్ యాభై కిలోలైనా లేని ఒంటితో పెద్ద పెద్దవాళ్లని పడగొట్టాడు. మన కాలంలో జపాన్ నవోయా ఇనోవే 49 కిలోల దగ్గర మొదలై, తరగతి తర్వాత తరగతి ఎక్కుతూ ఆ గుద్దుని వెంట తీసుకెళ్లాడు.

ఇదంతా చదివి, కట్టు విప్పాక ఒకరోజు కలాసీని అడిగాను, ఆ రోజు అంత అంకె ఎలా వచ్చిందని. మూట దించి, తలగుడ్డతో మొహం తుడుచుకుని, “మీరు సేత్తో కొట్టినారు బాబూ. నాను మూట లేపినట్టు కొట్టినాను” అన్నాడు. రష్యన్లు శాతాల్లో చెప్పింది అతను ఒక్క ముక్కలో చెప్పేశాడు. పదేళ్లుగా రోజూ నా కళ్ల ముందే వంగి లేస్తున్న కాళ్లవి. నేను మూటలు లెక్కపెట్టానే గానీ కాళ్లు చూడలేదు.

మొన్న కృష్ణదేవిపేట వైపు నుంచి వచ్చిన ఒక రైతు, నేను చీటీ రాస్తుంటే నా చెయ్యి చూసి, ఏమైందని అడిగాడు. అలవాటుగా “బాక్సర్ ఫ్రాక్చర్” అనేశాను. “బాక్సింగ్ ఆడేవోరా బాబూ?” అన్నాడు గౌరవంగా. పక్కనే మూట దించుతున్న కలాసీ ఆగి నా వైపు చూశాడు. నేను కాటా వైపు చూశాను.