లాంచీరేవు వచనము: టీకా తాత్పర్య సహితము

మూలము:

“హలో సార్! విచ్ కంట్రీ? యువర్ నేమ్? మ్యారీడ్? చిల్డ్రన్? వన్ సెల్ఫీ సార్!”

అవతారిక: పల్నాడు జిల్లా మాచర్ల మండలమున, విజయపురి సౌత్ రేవునందు, నాగార్జునకొండకు పోవు లాంచీకై టిక్కెట్టు చేతబట్టుకొని నిలిచియున్న విదేశీయుని గాంచి, సెలవురోజున బైకులపై నాగార్జునసాగర్ చూడవచ్చిన మిత్రబృందములో కొంచెము ధైర్యము గల కుర్రవాడు పలికిన వాక్యమిది. కర్త పేరు తెలియదు. ఎత్తిపోతల జలపాతము కడను, అనుపు రంగస్థలము మెట్లపైనను ఇదే పాఠము వినవచ్చుచున్నది గాన ఏకకర్తృకము కాదని మా నిశ్చయము. “కమింగ్ ఫ్రమ్?” అనునది నరసరావుపేట కాలేజీ ప్రతులలోని పాఠాంతరము. అర్థభేదము లేదు.

ప్రతిపదార్థము: హలో = ఓయీ; సార్ = అయ్యా (విదేశీయురాలైనను సారే, లింగవివక్ష లేదు); విచ్ కంట్రీ = తమది ఏ దేశము; యువర్ నేమ్ = తమ పేరేమి (చెప్పినను నోరు తిరుగదు గాన పాదపూరణార్థము); మ్యారీడ్ = పెండ్లి అయినదా; చిల్డ్రన్ = సంతానమెందరు; వన్ = అయిదారు; సెల్ఫీ = ఫోను చేయి చాచి తమను తాము తీసికొను ఛాయాచిత్రము.

గ్రాంథికం ఇంతటితో చాలు. తాత్పర్యం నలుగురికీ తెలిసే భాషలో చెప్పాలి.

తాత్పర్యం: అయ్యా, తమరెవరు, ఎక్కడివారు, మీకు వెనకా ముందూ ఎవరున్నారు? సరే, ఎవరైతేనేం, మాతో ఫొటో దిగండి.

రసవిచారం: ఇక్కడ రసం అద్భుతం, స్థాయీభావం విస్మయం. ఆలంబనం విదేశీయుడు. వీపున మనిషంత సంచి, ఎండకు మిరపపండులా కందిన మెడ ఉద్దీపనాలు. “నువ్వడగరా”, “ముందు నువ్వడుగు” అంటూ మోచేతులతో పొడుచుకోవడం అనుభావం. సంచారీభావాల్లో సిగ్గు ముఖ్యం, అది పదో తరగతి ఇంగ్లీషు మాస్టారు గుర్తొచ్చి పుట్టేది. జామకాయలమ్మే ఆవిడ రంగప్రవేశంతో రసం పండుతుంది. ఆవిడ కాయను నాలుగు చెక్కలుగా చీల్చి, మధ్యలో ఉప్పూకారం కూరి, “తిను నాయనా, ఏం గాదులే” అంటూ అతని చేతిలో పెడుతుంది. బృందమంతా మాటలాపి అతని ముఖం వంకే చూస్తుంది. అతను కొరుకుతాడు. ఒక్క క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత కళ్లలో నీళ్లు. అందరూ నవ్వుతారు, అతనూ నవ్వుతాడు. రెండో కాయ ఆవిడ కారం తగ్గించి ఇస్తుంది. డబ్బులు మాత్రం రెండింటికీ పుచ్చుకుంటుంది.

శంక: ముక్కూ మొహం తెలియని మనిషిని పెళ్లయిందా, పిల్లలెందరు అని అడగడం మర్యాదేనా?

సమాధానం: ఈ ప్రశ్న వేసినవాడు నరసరావుపేటలో మాచర్ల బస్సు ఎక్కి ఉండడు. బస్సు పిడుగురాళ్ల దాటకముందే పక్కసీటు ఆసామి మన ఊరు, ఇంటిపేరు, చేసే పని, జీతం, పిల్లల చదువులు రాబట్టేస్తాడు. గురజాల వచ్చేసరికి మన మేనత్త తోటికోడలు వాళ్ల ఊరి ఆడపడుచని తేలుతుంది. “అయితే మీరు మాకు బాబాయి వరస” అన్నాక గాని ఆయన కుదుటపడడు. మూలంలోని ప్రశ్నల వరస సరిగ్గా ఇదే. కుర్రవాడు ఆరా తీయడం లేదు, చుట్టరికం వెతుకుతున్నాడు. అమెరికా అంటే చాలు, “మా బావమరిది డల్లాస్‌లోనే సార్” అని ముడి పడిపోతుంది. ఆ ముడి దొరకని దేశమైతే అన్వయం కుదరదు. కుదరని చోట సెల్ఫీతో సమాసం చేస్తారు.

ఒక్కచోట మాత్రం వ్యాఖ్యాత మూలకర్తను సమర్థించలేడు. వచ్చినది ఒంటరి ఆడమనిషైనప్పుడు, ఆమె వద్దన్నాక కూడా ఫోను దించకపోవడం దోషం. అది రసాభాస.

ఇక అసలు విషయం. ఈ రేవుకు వచ్చే విదేశీయుల్లో బౌద్ధదేశాల యాత్రికులుంటారు. కాషాయం కట్టిన భిక్షువు “శ్రీలంక” అనగానే మనవాడు “జయసూర్య! మురళీధరన్!” అంటాడు. ఆయన చిరునవ్వుతో తలూపుతాడు. సంభాషణ సమాప్తం. చేతికందిన చుట్టరికం అలా చేజారిపోతుంది.

ఎందుకంటే ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉన్న ఈ లోయ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. క్రీ.శ. మూడో శతాబ్దంలో, ఆ వంశపు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో, బోధిసిరి అనే ఉపాసిక ఇక్కడ సింహళ (నేటి శ్రీలంక) ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి ప్రాకృతంలో శాసనం వేయించింది. ఆ ఆచార్యులు ధర్మం బోధించిన దేశాల పట్టికలో కాశ్మీరం, గాంధారం, చీనా, యవన, వంగ, ద్రవిడ దేశాలున్నాయి. సింహళ విహారం ప్రస్తావన కూడా ఆ శాసనంలోనే ఉంది. అంటే “విచ్ కంట్రీ?”కి జవాబు పదిహేడు వందల ఏళ్ల కిందటే రాతిమీద చెక్కి ఉంది. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. నీళ్లు నిండేలోగా తవ్వి తీసినవాటిలో కొన్ని కొండమీది మ్యూజియానికి చేరాయి. లాంచీ వెళ్లేది ఆ కొండకే.

ప్రత్యుదాహరణం: 1970లలో జీన్ రోగేర్ అనే అమెరికన్ పల్నాడు వచ్చాడు. ఆయన్నీ ఈ ప్రశ్నలన్నీ అడిగే ఉంటారు. అయితే ఆయన తెలుగు నేర్చుకుని వచ్చి, ఎదురు తానే అడిగాడు. అలిసెట్టి గాలెయ్య పల్నాటి వీరుల కథ పాడగా రికార్డు చేసుకున్నాడు. 1982లో అది ఇంగ్లీషు పుస్తకంగా వెలువడింది. మనకు చెప్పడానికి సరుకుందని తెలిసినవాడు కాబట్టి అడిగాడు.

కనుక కుర్రవాళ్లకు మనవి. శ్రీలంక అన్న భిక్షువుకు జయసూర్య పేరు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు నీళ్లవైపు చెయ్యి చూపి “సింహళ విహార్, హియర్” అనండి, వ్యాకరణం ఆయనే పూరించుకుంటాడు. వచ్చినది శుక్రవారమైతే మాత్రం పెళ్లి సంగతి అడగకముందే చెప్పవలసిన మాట ఇంకొకటుంది: ఆ రోజు కొండమీది మ్యూజియానికి సెలవు.