గడ్డి వేషానికి గ్లోబల్ సర్టిఫికెట్

డిసెంబరు వస్తే చాలు, హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూళ్ల ఆడిటోరియంలలో సింహాలు దిగుతాయి. కొంపల్లిలో ఒక 'లయన్ కింగ్' సింబా, గచ్చిబౌలిలో ఒక సింబా, ఎల్బీ నగర్‌లో ఏకంగా ఇద్దరు. ఎ సెక్షన్ తల్లిదండ్రులూ బి సెక్షన్ తల్లిదండ్రులూ వాట్సాప్‌లో కొట్టుకున్నారు మరి, ఇంటర్వెల్‌కు ముందొకడు, తర్వాతొకడు. ఇదివరకు దీన్ని స్కూలు యానివర్సరీ అనేవాళ్లం. పిల్లలు నాలుగు పాటలకు గంతులేసేవాళ్లు, హెడ్మాస్టరు నివేదిక చదివేవాడు, జనం కునుకు తీసేవాళ్లు. ఇప్పుడది 'బ్రాడ్‌వే స్టైల్ మ్యూజికల్'. ఫ్లెక్సీ అడుగున ఒక విదేశీ స్కూలు పేరు, దాని పక్కన రెండు చేతులు కలిపిన బొమ్మ.

మ్యూజికల్ అంటే వేషగాళ్లు పాడాలి కదా అని ఏ అమాయకుడైనా అడగొచ్చు. మనవాళ్లు పాడరు. స్పీకర్లు పాడతాయి. పాటలే కాదు, మాటలు కూడా నెల ముందే స్టూడియోలో రికార్డయిపోతాయి, అవీ ఎవరో పెద్దవాళ్ల గొంతులతో, అమెరికా యాసలో. పిల్లలు చేయాల్సిందల్లా పెదాలు కదపడం, చేతులు ఊపడం. పొరపాటున కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు అడవి మొత్తం నోరు తెరుచుకుని నిలబడుతుంది.

ఇక గడ్డి సంగతి. 1997లో బ్రాడ్‌వే మీద 'ది లయన్ కింగ్' దర్శకురాలు జూలీ టేమర్ నటుల తలల మీద గడ్డి మొలిపించి, ఆఫ్రికా పచ్చికబయళ్లను వేదిక మీద నడిపించింది. అద్భుతమైన ఊహ, కాదనను. మన స్కూళ్లు ఆ ఊహలో ఆమెకు కూడా తట్టని ఒక సౌకర్యం కనిపెట్టాయి. వేషం దొరకని ప్రతి పిల్లా గడ్డే! సింబాకు ఎంత కాస్ట్యూమ్ ఛార్జీయో గడ్డికీ అంతే. ఆ ఒక్క విషయంలో మాత్రం అడవిలో సంపూర్ణ సమానత్వం.

మూడో తరగతి పాప. తలమీద థర్మోకోల్ పలక, దానికి అతికించిన ఆకుపచ్చ క్రేప్ కాగితం, గడ్డం కింద ఎలాస్టిక్ ఒరుసుకుని ఎర్రటి చార. మధ్యాహ్నం మూడింటికి మేకప్ వేసి కూర్చోబెట్టారు. చెరిగిపోతుందని నీళ్లు కూడా తాగనివ్వలేదు. రాత్రి తొమ్మిదికి దగ్గర పడుతుండగా వేదికెక్కి, కుడికి రెండుసార్లు, ఎడమకు రెండుసార్లు ఊగి దిగిపోయింది. తల్లి ఫోను పైకెత్తి పట్టుకుని పక్కావిడకు చూపిస్తోంది: "మాది ఎడమ నుంచి నాలుగో గడ్డండీ." మర్నాడు ఆ గడ్డికి సర్టిఫికెట్ ఇచ్చారు, 'గ్లోబల్ యంగ్ ఆర్టిస్ట్' అని.

ఇలాంటి నాటకాలను స్కూళ్లకు లైసెన్సు మీద ఇచ్చే సంస్థ న్యూయార్క్‌లో ఉంది, మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్. 'బ్రాడ్‌వే జూనియర్' పేరుతో గంటకు కుదించిన ప్రతులు, పిల్లల గొంతుకు తగిన శ్రుతి, పాట లేని వాయిద్యాల ట్రాకులు ఇస్తారు. పాట లేకుండా ఎందుకిస్తారంటే, పాడాల్సింది పిల్లలు గనుక. ఈ చిన్న విషయం సముద్రాలు దాటి వచ్చేసరికి ఎక్కడో జారిపోయింది. లైసెన్సు ఊసెత్తితే, 1957 నాటి మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52 విద్యాసంస్థలకు వెసులుబాటు ఇచ్చిందంటారు. నిజమే, ఇచ్చింది. ఆడేది సిబ్బందీ విద్యార్థులే అయి, చూసేవాళ్లు కూడా వాళ్లూ, తల్లిదండ్రులూ, సంరక్షకులూ, స్కూలు పనులతో సంబంధం ఉన్నవాళ్లే అయితే. మరి ముందు వరుస సోఫాల్లో కార్పొరేటర్ గారు, స్పాన్సర్ చేసిన రియల్ ఎస్టేట్ వెంచర్ ఎండీ గారు, యూట్యూబ్ లైవ్‌లో యావత్ప్రపంచం... వీళ్లంతా ఏ పిల్లాడి సంరక్షకులో!

ఇక ఫ్లెక్సీ అడుగున ఉన్న ఆ విదేశీ స్కూలుతో అంతర్జాతీయ భాగస్వామ్యం అంటే ఒక వీడియో కాల్. మొదటి పది నిమిషాలు "వినబడుతోందా?" అని ఇటూ అటూ అడుక్కోవడం. తర్వాత అటు జెండా, ఇటు జెండా. ఆపైన మనవాళ్లు వాళ్ల పాటకే పెదాలు కదిపి వాళ్లకే చూపించారు. అటువైపు ఓ పిల్లాడు మర్యాదగా అడిగాడు, "మీ దగ్గర పాటల నాటకాలు ఎలా ఉంటాయి?" అని. కోఆర్డినేటర్ మేడమ్ చటుక్కున "నెట్‌వర్క్ ప్రాబ్లమ్" అన్నారు. స్క్రీన్‌షాట్ మాత్రం శుభ్రంగా వచ్చింది. అది ఇప్పుడు అడ్మిషన్ల బ్రోచర్ రెండో పేజీలో ఉంది.

ఆ పిల్లాడికి జవాబు చెప్పాలంటే గంట చాలదు. పదిహేడో శతాబ్దంలో తంజావూరు నాయకరాజుల కొలువులో తెలుగు యక్షగానాలు ఆడాయి. త్యాగరాజు కీర్తనలతో ఆగలేదు, 'నౌకా చరిత్రం', 'ప్రహ్లాద భక్తి విజయం' అనే గేయనాటకాలు రాశాడు. తిరుపతి వేంకట కవుల నాటక పద్యాలకు జనం రాత్రంతా మేలుకుని వన్స్‌మోర్లు కొట్టారు. అక్కడ హార్మోనియం శ్రుతి ఇచ్చేది, గొంతు మాత్రం కృష్ణుడు తెచ్చుకోవాల్సిందే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన కుటుంబ నాటక సమాజం నేటికీ వేదిక మీద మాయలు చేస్తోంది. ఆ సురభివాళ్లు 2013లో ఫ్రాన్స్‌లోని మెట్జ్ దాకా వెళ్లి నాటకాలాడి వచ్చారు. అంతర్జాతీయం అంటే అది! మెట్జ్ చేరిన నాటకానికి మన స్కూలు గేటు దగ్గర మాత్రం విజిటర్ పాస్ దొరకదు. సిలబస్‌లో లేదట.

సింహం మీద నాకేం పగ లేదు. లండన్ నేషనల్ థియేటర్ వాళ్లు 'కనెక్షన్స్' పేరుతో కుర్రాళ్ల కోసమే ఏటా కొత్త నాటకాలు రాయిస్తారు. విదేశాల నుంచి తెచ్చుకోవాలంటే ఆ పద్ధతి తెచ్చుకోవచ్చు. రచయితకు డబ్బివ్వాలి, పిల్లలకు ఆరు నెలలు పాట నేర్పాలి, హార్మోనియం పట్టే మాస్టారికి జీతమివ్వాలి. థర్మోకోల్ చవక.

కాబట్టి తల్లిదండ్రులారా, ఈసారి సర్క్యులర్ మీద సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి: పాడేది మా పిల్లా, మీ స్పీకరా? స్పీకరే అయితే, కాస్ట్యూమ్ ఛార్జీ దాని దగ్గరే వసూలు చేసుకోమనండి.