పెట్టె పక్క పెట్టె: టీకా తాత్పర్య విశేషాలతో

ఆ.వె.
పెట్టె పక్క పెట్టి పెట్టెను, మీటను
నొక్కి పట్టి నిలిచి నోరు మూసి,
దీప మాడి యాడి దీర్ఘమై నిలిచెనా
కలిసె ననుచు నెఱుగు, కాదొ, మరల!

అవతారిక

ప్రింటరు కొన్నప్పుడు అట్టపెట్టెలో, థర్మకోలుకూ ప్లాస్టిక్ సంచికీ నడుమ, మడతలు పెట్టిన కాగితం ఒకటి వస్తుంది. అందులో బోలెడు భాషలుంటాయి, తెలుగుండదు. ఆ లోటు పూడ్చడానికే కాబోలు బొమ్మలు వేస్తారు: ఒక పెట్టె, దాని పక్కన ఇంకో పెట్టె, ఒక వేలు, ఒక దీపం. ఆ బొమ్మలనే ఎవరో ఆటవెలదిలో కూర్చారు. కర్త అజ్ఞాతుడు. ధర్మసాగర్ చెరువుకట్టకు దగ్గర్లో ఒక విశ్రాంత తెలుగు పండితుడి ఇంట్లో దొరికిన ప్రతిని ఇక్కడ అనుసరిస్తున్నాను. పండితుణ్ణి అడిగితే పద్యం తనది కాదంటాడు, మనవణ్ణి అడిగితే నవ్వుతాడు.

మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి రఘువంశానికీ కుమారసంభవానికీ మేఘసందేశానికీ వ్యాఖ్య రాశాడు. కాళిదాసు కాబట్టి ఆయనకు ఆ మాట చెల్లింది. ఈ పద్యంలో అక్కరున్నదేదీ లేదు. అక్కరున్నదంతా టీకాకారుడే బయటి నుంచి మోసుకు రావాలి.

ప్రతిపదార్థం

పెట్టె పక్క = (రౌటరనెడి) పెట్టె సమీపమున; పెట్టెను = (ప్రింటరనెడి) పెట్టెను; పెట్టి = ఉంచి; మీటను = బటనును; నొక్కి పట్టి = అదిమి ఉంచి; నోరు మూసి = మాటలాడక; నిలిచి = వేచియుండి; దీపము = చిన్న లైటు; ఆడి యాడి = మిణుకు మిణుకుమని; దీర్ఘమై = ఎడతెగనిదై; నిలిచెనా = స్థిరపడినచో; కలిసె ననుచున్ = (రెండును) కలిసినవని; ఎఱుగు = తెలిసికొనుము; కాదొ = అట్లు కాకున్నచో; మరల = తిరిగి మొదటి నుండి.

తాత్పర్యం

రౌటరు పక్కన ప్రింటరు పెట్టి, బటన్ నొక్కి, ఊరకుంటే పని అవుతుంది. కాకపోతే మళ్లీ చెయ్యాలి.

విశేషాలు

మొదటి చిక్కు పెట్టె. పద్యంలో పెట్టెలు రెండు, ఇంట్లో నాలుగు: ఫైబరు తీగ వచ్చి చేరే పెట్టె, వైఫై పంచే రౌటరు (కొన్ని ఇళ్లలో ఈ రెండూ ఒకటే), సెట్‌టాప్ బాక్సు, ఇన్వర్టరు. పండితుడి భార్య పద్యం విని ప్రింటరును ఇన్వర్టరు పక్కన పెట్టించింది. అన్వయం ప్రకారం చూస్తే ఆమెను తప్పుపట్టడానికి వీల్లేదు.

‘మీటను’ అన్న ఏకవచనం ఇంకా ప్రమాదం. నిజానికి నొక్కవలసినవి రెండు. రౌటరు మీద డబ్ల్యూపీఎస్ అని రాసి ఉన్నదొకటి, ప్రింటరు మీద వైఫై గుర్తున్నది ఇంకొకటి. మొదటిది నొక్కాక రెండోది రెండు నిమిషాల్లోపు నొక్కాలి. దాటితే రౌటరు తలుపు మూసుకుంటుంది. మన పంచాంగం లెక్కలో రెండు నిమిషాలంటే సరిగ్గా ఐదు విఘడియలు. పెళ్లి ముహూర్తాన్నయినా పురోహితుడు కొంచెం అటూ ఇటూ జరుపుతాడు గాని ఇక్కడ అడ్జస్ట్‌మెంట్ లేదు. రెండు బటన్లకు ఏకవచనం వేసినందుకు కవిని జాత్యేకవచనం పేరుతో గట్టెక్కించవచ్చు. ప్రింటరును గట్టెక్కించలేం.

‘పక్క’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు గుట్టు ఇక్కడ ఉంది. ఆ ఇంట్లో రౌటరు ముందటి అర్రలో, ప్రింటరు లోపలి అర్రలో. నడుమ మూరెడు మందం మట్టిగోడ. గంగారం దగ్గర గోదావరిలో తోడిన నీళ్లను భీంఘన్‌పూర్, పులుకుర్తి మీదుగా ఎత్తి ఎత్తి ధర్మసాగర్ చెరువులో పోసే దేవాదుల పథకం ఊరి ముంగిటే ఉంది. ఆ ఊళ్లోనే ముందటి అర్ర నుంచి లోపలి అర్రకు ఒక పహాణీ నకలు చేరలేకపోయింది.

కారణం గోడ ఒక్కటే అయితే ఇంత వ్యాఖ్య అక్కర్లేదు. ఇప్పటి రౌటర్లు రెండు రకాల అలలు వదులుతాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, అల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. రెండోది 5 గిగాహెర్ట్జ్, పొడవు అందులో సగం. పొట్టి అల వేగంగా మోస్తుంది గాని గోడ అడ్డం వస్తే తొందరగా నీరసిస్తుంది. పొడుగు అల మెల్లగా మోసినా గోడ దాటి పోతుంది. ఇళ్లకు కొనే చవక ప్రింటర్లలో చాలావాటికి పొడుగు అల ఒక్కటే వినపడుతుంది. అది తప్పు కాదు, పేజీ అచ్చు వేయడానికి అంత వేగం అక్కర్లేదు. చిక్కల్లా రౌటరు ఈ రెండు అలలకూ ఒకే పేరు పెట్టి ప్రసారం చేయడంలో ఉంది. ఫోను ఆ పేరుతో 5 మీద కూర్చుంటుంది. ప్రింటరు యాప్ ఫోనును చూసి, ‘నువ్వున్న చోటికే దీన్నీ తెస్తాను’ అని బయలుదేరుతుంది. ప్రింటరుకు ఆ చోటే కనపడదు. తెర మీద ‘మళ్లీ ప్రయత్నించండి’ అని వస్తుంది. అలల సంగతి మాత్రం చెప్పదు.

మేఘసందేశంలో యక్షుడు ఈ పొరపాటు చేయలేదు. మేఘానికి దారంతా వివరించాడు, పూర్వమేఘం నిండా దారే. ఇల్లు గుర్తుపట్టడానికి కుబేరుడి మేడకు ఉత్తరాన ఉంటుందనీ, వాకిట ఇంద్రధనుస్సు లాంటి తోరణముంటుందనీ, తలుపు పక్కన శంఖం, పద్మం గీసి ఉంటాయనీ ఆనవాళ్లు చెప్పాడు. అలకాపురిలో ఒకే పేరుతో రెండిళ్లు ఉండి ఉంటే మేఘం కూడా తిరిగొచ్చేదే.

పరిహారం చిన్నదే. రౌటరు సెట్టింగుల్లోకి పోయి రెండు అలలకూ రెండు పేర్లు పెట్టడం, లేదా ప్రింటరు కలిసేదాకా 5ను కాసేపు ఆపడం. ఒకసారి కలిశాక ఫోను 5 మీద, ప్రింటరు 2.4 మీద ఉన్నా ఫర్వాలేదు, రౌటరు ఒక్కటే గనక ఒకదాని మాట ఒకదానికి అందుతుంది. ఫోనును మాత్రం చుట్టాల కోసం పెట్టిన గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంచకూడదు. చుట్టాలకు ఇంట్లో సామాను కనపడకుండా చేయడమే దాని పని. ఇక ‘పక్క’ అన్నది కలిసే వేళకే. తర్వాత ప్రింటరును లోపలి అర్రలోకి మార్చుకోవచ్చు. కవి ఈ ముక్క చెప్పలేదు కాబట్టి చాలా ఇళ్లలో ప్రింటరు ఇప్పటికీ టీవీ కిందే ఉంది.

ఈ అలలు వాడుకోవడానికి మన దేశంలో ఒకప్పుడు లైసెన్సు కావలసి ఉండేది. 2005 జనవరిలో కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా అందరికీ వదిలింది. అందుకే పక్కింటి రౌటరు, బ్లూటూత్ అన్నీ అక్కడే మసలుతాయి. వంటింట్లో మైక్రోవేవ్ ఉండేదీ అక్కడే.

‘నోరు మూసి’: ఇక్కడ పాఠాంతరం ఉంది. రెండో ప్రతిలో ‘నోరు తెరచి’ అని కనపడుతుంది. ఛందస్సుకు రెండూ సరిపోతాయి. అనుభవం రెండో పాఠం వైపే మొగ్గుతుంది. ఆ ఐదు విఘడియల్లో వినిపించిన మాటలు ఇవి.

‘అయిందా బిడ్డా?’

‘ఆగు తాతా, ఇంకా గుడ్డిగ కొట్టుకుంటనే ఉంది.’

‘గదేందే, ఎర్రగైంది?’

‘నానమ్మా, ఎవలు ముట్టుకున్నరు దీన్ని?’

‘దీప మాడి యాడి’: దీపం వేగంగా మిణుకుమంటే వెతుకుతున్నట్టు, నిలకడగా వెలిగితే కలిసినట్టు, నారింజ రంగుకు ప్రతి కంపెనీ తన ఇష్టం వచ్చిన అర్థం చెబుతుంది. దీనికి నిఘంటువు లేదు.

‘కలిసె ననుచు నెఱుగు’: ఇది అతివ్యాప్తి దోషం. కలవడం వేరు, కనపడటం వేరు. దీపం నిలకడగా వెలుగుతూనే ఉంటుంది, కోడలి ల్యాప్‌టాప్‌లో మాత్రం ప్రింటరు ఆఫ్‌లైన్ అని వస్తుంది. రౌటరు ప్రతి యంత్రానికీ, చాలా ఇళ్లలో 192.168తో మొదలయ్యే, నంబరు ఒకటి ఇస్తుంది. అది సొంతం కాదు, గడువున్న కిరాయి. కరెంటు పోయి రౌటరు మళ్లీ లేచినప్పుడు ప్రింటరుకు ఇంకో నంబరు రావచ్చు. ల్యాప్‌టాప్ పాత నంబరు దగ్గరే తలుపు తడుతుంటుంది. ప్రింటరు వంటి మీద పుట్టుమచ్చలా ఉండే పన్నెండు అక్షరాల గుర్తును రౌటరులో నమోదు చేసి, దానికి ఎప్పుడూ ఒకే నంబరు ఇమ్మని రాసి పెడితే ఈ బాధ తప్పుతుంది. ఆ గుర్తు తెలియాలంటే ప్రింటరు చేతనే నెట్‌వర్క్ పేజీ ఒకటి అచ్చు వేయించాలి. దాన్ని అందరూ చెత్తబుట్టలో వేస్తారు. నా మట్టుకు ఈ మొత్తం వ్యవహారంలో చదవదగ్గ గ్రంథం అదొక్కటే.

‘కాదొ, మరల’: కొన్ని రౌటర్లలో ఎన్ని మారులు చేసినా కాదు, ఎందుకంటే ఆ బటనే పనిచేయదు. డబ్ల్యూపీఎస్‌లో బటన్‌తో పాటు ఎనిమిదంకెల పిన్ పద్ధతి కూడా ఉండేది. అందులో చివరి అంకె సరిచూసుకోవడానికి పెట్టినది. రౌటరేమో పిన్‌ను రెండు ముక్కలు చేసి విడివిడిగా పరీక్షించేది. అందువల్ల కోటి ఊహలు అక్కర్లేదు, 11,000 చాలు అని 2011 డిసెంబరులో బయటపడింది. అప్పటి నుంచి చాలామంది మొత్తం డబ్ల్యూపీఎస్‌నే కట్టేశారు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 భద్రత పూర్తిగా పెడితే అది అసలే ఉండదు. అప్పుడు ప్రింటరు మీది అరచేతిలో సగం లేని తెర మీద పాస్‌వర్డ్ ఒక్కొక్క అక్షరమే కొట్టాలి. ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దవీ చిన్నవీ ఉంటాయి. పండితుడు వాటికి గురువు, లఘువు అని పేరు పెట్టి మనవడికి గణవిభజన చేసి చదివి వినిపించాడు. మొదటిసారికే కలిసింది.

పూర్వపక్షం: ‘గీ తిప్పలన్నీ దేనికి? ఎన్క నుంచి తీగ పెడితే వాయె గదా!’ అని పండితుడి భార్య.

సమాధానం: ఆమె మాట సత్యం. యూఎస్‌బీ తీగకు అల లేదు, నంబరు లేదు, పాస్‌వర్డ్ లేదు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక బల్ల ఉన్న ఇంట్లో తీగను మించినది లేదని టీకాకారుడూ ఒప్పుకుంటాడు. కాని ఆ ఇంట్లో ల్యాప్‌టాప్ కోడలిది. పొద్దున్నే ఆమెతో పాటు హన్మకొండ బస్సెక్కుతుంది. భూరికార్డుల పోర్టల్ భూభారతిలో తీసిన పహాణీ నకలు, మనవడి హాల్‌టికెట్, కరెంటు బిల్లు అన్నీ ఫోన్లలోనే ఉంటాయి. తీగ రెండో కొన దేనికి పెడతావని మనవడు అడిగాడు.

ఆమె తన ఫోను తెచ్చి, అడుగున చార్జింగ్ పెట్టే బొక్క చూపించి, ‘గీన్ల పెట్టు’ అన్నది.

కొన్ని ఫోన్లకు, కొన్ని ప్రింటర్లకు అది నిజంగానే పనిచేస్తుంది. ఓటీజీ ముక్క ఒకటి కావాలి.