అవగాహన లేని జనం

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో పులి ఎవరినైనా చంపితే మర్నాటికల్లా తేలిపోయే నిజం ఒకటుంది: జనానికి అవగాహన లేదు. వెంటనే సదస్సు పెడతారు. షామియానా, ఫ్లెక్సీ, ఛాయ్, చివర్లో హాజరు పట్టీ మీద సంతకాలు. ఆ పట్టీ ఫైల్లోకి ఎక్కిందంటే వన్యప్రాణి నిర్వహణలో ప్రజలు భాగస్వాములైపోయినట్టే. తాతల కాలం నుంచి పులి అడుగు చూసి దారి మార్చుకునే వాళ్ళను కూర్చోబెట్టి, పులి ప్రమాదకరమైన జంతువని జిల్లా కేంద్రం నుంచి వచ్చిన వక్త విడమర్చి చెబుతాడు. ఒంటరిగా తిరగొద్దు, చీకట్లో బయటికి రావొద్దు, అడవిలోకి పోవొద్దు. ఈ మూడూ పాటించగలిగినవాడికి అసలు పులితో పనే పడదు, ఆ సంగతి వేరు.

ఊర్జానగర్‌నే తీసుకోండి. 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం సిబ్బంది కోసం కట్టిన కాలనీ అది. పక్కన దుర్గాపూర్ బొగ్గు గని, ఆ వెనకే తాడోబా అడవుల అంచు. 2022 ఫిబ్రవరిలో డ్యూటీ దిగి ఇంటికి పోతున్న కార్మికుణ్ణి థర్మల్ కేంద్రం ఆవరణలోనే పులి చంపింది. మర్నాడు రాత్రి దుర్గాపూర్‌లో పదహారేళ్ళ కుర్రాణ్ణి చిరుత ఎత్తుకుపోయింది. ఇక్కడ అవగాహన లోపించింది ఎవరికి? షిఫ్టు ఎన్నింటికి దిగాలో నిర్ణయించేది కార్మికుడు కాదు. ఖాళీ స్థలాల్లో, మట్టిదిబ్బల మీద సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగితే కొట్టించాల్సింది యాజమాన్యాలు. చెత్త కుప్పలుంటే పందులూ కుక్కలూ చేరతాయి, వాటికోసం చిరుత వస్తుంది. ఈ లెక్క ఆ వీధుల్లో చిన్నపిల్లలకైనా తెలుసు, చెత్త ఎత్తించే అధికారమే వాళ్ళకు లేదు. అదే ఏడాది మేలో దుర్గాపూర్‌లో చిరుత మూడేళ్ళ పాపను పట్టుకుంటే తల్లి కర్ర తీసుకుని బాది విడిపించుకుంది. ఆ కోపంలో జనం అటవీ సిబ్బందిని గంటల తరబడి కదలనివ్వలేదు. సిబ్బందిని నిర్బంధించడం తప్పే. కానీ అర్జీలకు రాని కదలిక ఆ నిర్బంధంతో వస్తుందని జనానికి నేర్పిందెవరు? ప్రాణం పోయాక పాతిక లక్షలు పరిహారమిచ్చే ప్రభుత్వానికి, ప్రాణముండగా పొదలు కొట్టించడం ఖరీదైన వ్యవహారమా?

అడవిలోకి పోవొద్దన్న ఉపదేశం ఇంకా ముచ్చటైనది. 2025 మే నెలలో సిందేవాహి దగ్గర తునికాకు కోతకు వెళ్ళిన ముగ్గురు ఆడవాళ్ళను ఒకే రోజు పులి పొట్టన పెట్టుకుంది. వాళ్ళకు ప్రమాదం తెలియక కాదు, వేసవిలో చేతికొచ్చే రొక్కం అదొక్కటే గనక వెళ్ళారు. సరిహద్దు దాటి ఇవతల తెలంగాణలోని కాగజ్‌నగర్‌కొస్తే, 2024 చివర్లో పత్తి చేనుకెళ్ళిన యువతిని పులి చంపాక, తల వెనక తగిలించుకోమని కూలీలకు మాస్కులు పంచారు. పులి వెనకనుంచి దాడి చేస్తుంది, మొహం కనబడితే జంకుతుందని సిద్ధాంతం. సుందర్బన్స్‌లో ఎనభైల్లోనే వాడి చూశారు, కొంత పనిచేసిందనే అంటారు, కాబట్టి మాస్కును వెక్కిరించను. కాకపోతే ముందొక మొహం, వెనకొక మొహం పెట్టుకు తిరగడం పాలకులకు పాత అలవాటు, కూలీలకే కొత్త.

సదస్సులకు బదులు అడవి మీద పెత్తనమే ఇవ్వమంటే, జనం చేతికి అదిస్తే పులిని మిగల్చరు అని పెద్దమనుషులు అభ్యంతరం చెబుతారు. కొట్టిపారేయదగ్గ మాట కాదు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో పశువు కళేబరంలో విషం పెడితే పులులు చచ్చిన మాట నిజమే. అయితే అది పెత్తనం చేతిలో ఉన్నవాళ్ళు చేసిన పని కాదు. పశువు పోయినా అడిగే దిక్కులేదనుకునే చోట జరిగే పని. పెత్తనం నిజంగా ఇచ్చిన ఊరు చూడాలంటే ఇదే చంద్రపూర్ జిల్లాలో గోండ్‌పిప్రి తాలూకా పాచ్‌గావ్ ఉంది. 2012లో ఆ ఊరికి వెయ్యి హెక్టార్ల పైచిలుకు అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. గ్రామసభ వెదురు అమ్ముకుని బతుకుతోంది. తునికాకు కోసం కొమ్మలు నరకాలి, అడవికి నిప్పు పెట్టాలి గనక ఆ వ్యాపారమే వద్దని తీర్మానించింది. కొంత అడవిని ఎవరూ ముట్టకుండా వదిలేసింది. ఫ్లెక్సీ కట్టి ఎవరూ వీళ్ళకు పాఠం చెప్పలేదు. అడవి మాది అనుకున్నారు, అంతే.

ఇంత దగ్గర్లో ఇలాంటి ఊరుండగా తెలంగాణ ప్రభుత్వం 2025 మే 30న జీవో 49 తెచ్చింది. కవ్వాల్, తాడోబా పులుల అభయారణ్యాల మధ్య దాదాపు లక్షన్నర హెక్టార్లను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. పులుల రాకపోకలకు ఆ దారి అవసరమే, అందులో పేచీ లేదు. కానీ స్థానికులను సంప్రదించాకే ఇలాంటి ప్రకటన చేయాలని వన్యప్రాణి చట్టంలోనే, 36ఎ సెక్షన్‌లో, రాసుంది. తమను అడగలేదని ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి, బంద్ చేశాయి. జూలై 21న ప్రభుత్వం జీవోను పక్కన పెట్టింది. పులికి దారీ రాలేదు, ఆదివాసీకి నమ్మకమూ రాలేదు. చట్టం చదవకుండా జీవో రాసినవాళ్ళకు ముందుగా ఒక అవగాహన సదస్సు పెట్టాలి.